పెరట్లో దోమ – చేతిలో ఫోను

జ్వరం వస్తే ఆసుపత్రికి రావాలని అందరికీ తెలుసు. ఆ జ్వరాన్ని మోసుకొచ్చిన దోమ ఎక్కడ పుట్టిందని అడిగితే మాత్రం చాలామంది వీధి చివర ఉన్న మురుగుకాలువ వైపు చెయ్యి చూపిస్తారు. డెంగ్యూ విషయంలో ఆ జవాబు చాలావరకు తప్పు. డెంగ్యూను మోసే ఏడిస్ దోమకు మురుగుకన్నా తేటనీళ్ళు ఇష్టం. మన గుమ్మానికి పది అడుగుల దూరంలో, ఎవరూ పట్టించుకోని పాత్రలో నాలుగు రోజులుగా కదలకుండా ఉన్న నీళ్ళే దానికి పురిటిల్లు. పెరట్లో పక్కకు నెట్టేసిన రుబ్బురోలు గుంట, మూత సరిగా లేని గాబు, కూలరు అడుగు, ఫ్రిజ్ వెనుక నీళ్ళు పడే పళ్ళెం, పూలకుండీ కింది సాసరు, పాత టైరు, కొబ్బరి చిప్ప – ఇవి ఏ అధికారి పటంలోనూ కనిపించవు. ఇంటివారికి మాత్రమే కనిపిస్తాయి.

2023లో మన దేశంలో 2 లక్షల 89 వేలకు పైగా డెంగ్యూ కేసులు నమోదయ్యాయి. ఇవి పరీక్ష జరిగి లెక్కకెక్కినవి మాత్రమే. వారం వారం ప్రతి ఇంటి పెరట్లోకి వచ్చి చూడటం ఎంత పెద్ద ప్రభుత్వ శాఖకైనా సాధ్యం కాదు. ఇంటివారైతే చూడగలరు. అయితే వారు చూసిన సంగతి చేరవలసిన చోటికి, చేరవలసిన సమయంలో చేరాలి. ఈ పనికి కొన్ని దేశాల్లో సెల్‌ఫోనును ఎలా వాడుకున్నారు, అందులో మన కుటుంబాలకు పనికివచ్చేది ఏమిటి అన్నది ఈ వ్యాసంలో తెలుసుకుందాము.

సామాన్యులు చేసే విజ్ఞానం

పట్టా పుచ్చుకున్న శాస్త్రజ్ఞులే కాక, మామూలు ప్రజలు కూడా తాము చూసినదాన్ని ఒక పద్ధతి ప్రకారం నమోదుచేసి పరిశోధనకు అందించడాన్ని పౌరవిజ్ఞానం అంటారు. మాట కొత్తదిగా అనిపించవచ్చు గాని, దోమల విషయంలో దాని వెనుక మన గడ్డమీద జరిగిన ఒక కథ ఉన్నది.

1897 ఆగస్టులో సికింద్రాబాదులో సైనిక వైద్యుడిగా ఉన్న రొనాల్డ్ రాస్, మలేరియా ఎలా వ్యాపిస్తుందో తెలుసుకోవడానికి దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తూ ఉండేవాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తనను దోమలు కుట్టడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుతూ రాస్‌కు కనబడింది. అందుకే ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో రాస్ పేరు ఉంటుంది. కాని ఆ ఒప్పుకున్న రోగి లేకుంటే ఆ పరిశోధన ఆ రోజు ముందుకు సాగేది కాదు.

నేడు ఎవరినీ దోమ చేత కుట్టించుకోమని అడగనక్కరలేదు. ఒక ఫొటో చాలు.

స్పెయిన్‌లో ఏమి చేశారు?

ఆసియాకు చెందిన పులి దోమ (ఏడిస్ ఆల్బోపిక్టస్) 2004లో మొదటిసారిగా స్పెయిన్‌లో, బార్సిలోనా నగరానికి దగ్గరలో ఉన్న సాంత్ కుగాత్ అనే ఊళ్ళో కనబడింది. ఒంటిమీద నలుపు తెలుపు చారలు ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. డెంగ్యూ, చికున్‌గున్యాలను మోయగల దోమ ఇది. మన దేశంలోనూ ఉన్నది. అక్కడి ప్రజలకు మాత్రం అది కొత్త. అది ఏ ఊరికి పాకింది, ఏ వీధిలో ఎక్కువగా ఉంది అని కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులు చోటుచోటా చిన్న చిన్న పాత్రలు పెట్టి, వాటిలో పడిన గుడ్లను లెక్కపెట్టేవారు. ఈ పద్ధతి నమ్మదగినదే, కాని ఖర్చు ఎక్కువ. పాత్ర పెట్టని చోటు సంగతి తెలియదు.

2014లో అక్కడి పరిశోధన సంస్థలు కలిసి ‘మస్కిటో అలర్ట్’ అనే యాప్‌ను నడపడం మొదలుపెట్టాయి. పని చాలా తేలిక. దోమ కనబడితే ఫొటో తీసి పంపాలి. దోమలు పుట్టే నీళ్ళు కనబడితే దాన్నీ పంపాలి. తరువాతి కాలంలో దోమ కుట్టిన సంగతిని తెలియజేసే వీలు కూడా కల్పించారు. ఫోను ఆ చోటును గుర్తిస్తుంది. వచ్చిన ఫొటోను దోమల నిపుణులు చూసి, అది పులి దోమ అవునో కాదో తేల్చి, పంపినవారికి జవాబిస్తారు. ఒకరి మాటనే నమ్మకుండా ఒకే ఫొటోను ముగ్గురు నిపుణులు విడివిడిగా చూసే ఏర్పాటు చేశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఒక వీధి నుంచి 20 ఫొటోలు, మరో వీధి నుంచి రెండే వచ్చాయనుకోండి. మొదటి వీధిలో దోమలు ఎక్కువా? లేక యాప్ ఉన్నవారు ఎక్కువా? ఈ తేడా తెలియకపోతే లెక్క అంతా తలకిందులవుతుంది. అందుకని వాడేవారి అనుమతితో, వారు సుమారుగా ఏ ప్రాంతంలో తిరుగుతున్నారో మాత్రం యాప్ నమోదు చేసేది. ఖచ్చితమైన ఇంటి గుర్తు తీసుకోదు. అలా సరిచేసిన తరువాత ప్రజల ఫొటోల లెక్కనూ, గుడ్ల పాత్రల లెక్కనూ పోల్చి చూశారు. ప్రజలు పంపిన సమాచారం కూడా నమ్మదగినదేననీ, తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాంతాన్ని కనిపెట్టవచ్చుననీ 2017లో ప్రచురించిన పరిశోధనలో తేలింది.

ఫొటో వల్ల కలిగిన మేలు

మొదటిది: బార్సిలోనా నగరంలో ఈ దోమ ఎక్కువగా వీధుల్లోని వాననీటి కాలువల గుంటల్లో పుడుతుంది. ప్రజలు పంపిన సమాచారం నగర ఆరోగ్య శాఖకు చేరితే, సిబ్బంది వెళ్ళి ఆ గుంటను తనిఖీ చేసి మందు వేయడానికి వీలు కలిగింది.

రెండవది: 2018లో స్పెయిన్ ఉత్తర తీరంలోని అస్తూరియాస్ ప్రాంతం నుంచి ఒకరు దోమ ఫొటో పంపారు. నిపుణులు చూస్తే అది పులి దోమ కాదు. అంతకుముందు ఆ దేశంలో ఎన్నడూ కనబడని ఏడిస్ జపానికస్ అనే మరో రకం. వెంటనే బృందం అక్కడికి వెళ్ళి వెదికి, ఆ సంగతి నిజమేనని నిర్ధారించింది. అక్కడ ఈ దోమ ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఒక సామాన్యుడి కన్ను ముందుగా చూసింది.

మూడవది: దోమ తన రెక్కలతో సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి పోదు. అయినా ఊరినుంచి ఊరికి ఎలా పాకుతున్నది? తమ కార్లలో దోమలు కనబడుతున్నాయని ప్రజలు తెలియజేశారు. పరిశోధకులు 770 కార్లను ఆపి వెదికితే నాలుగింటిలో పులి దోమలు దొరికాయి. నాలుగే గదా అనిపించవచ్చు. ఒక మహానగరంలో రోజూ లక్షల కార్లు తిరుగుతాయని గుర్తుచేసుకుంటే ఆ నాలుగు ఎంత పెద్ద సంఖ్యో అర్థమవుతుంది.

అదే 2018లో స్పెయిన్‌లో, విదేశానికి వెళ్ళిరాని మనుషులకు అక్కడి దోమల ద్వారానే డెంగ్యూ సోకిన తొలి కేసులు బయటపడ్డాయి. కనిపెట్టి చూడటం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. 2020 తరువాత ఈ యాప్ ఐరోపాలోని ఇతర దేశాలకు కూడా విస్తరించింది.

మన ట్యాంకు దోమ ఆఫ్రికాకు పోయింది

మన పట్టణాల్లో మలేరియాను వ్యాపింపజేసేది ముఖ్యంగా అనాఫిలిస్ స్టీఫెన్సీ అనే దోమ. మిద్దెమీది ట్యాంకుల్లో, సంపుల్లో, కట్టుబడి జరుగుతున్న భవనాల దగ్గర నిలువచేసిన నీళ్ళలో ఇది పుడుతుంది. ఈ ఆసియా దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూతీ దేశంలో కనబడింది. ఆఫ్రికాలో మలేరియా దోమలు ఎక్కువగా పల్లెల్లోనే పుట్టేవి. ఇది పట్టణాల్లో కూడా బతుకుతుంది గనుక అందరికీ బెంగ పట్టుకుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అరికట్టడానికి ప్రత్యేక ప్రయత్నం ప్రారంభించింది.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సహకారంతో నడిచిన ‘గ్లోబ్ అబ్జర్వర్’ అనే యాప్‌లో 2017లో దోమలు పుట్టే చోట్లను నమోదుచేసే విభాగాన్ని చేర్చారు. నీళ్ళలోని దోమ పిల్లలను, ఫోను కెమెరాకు చిన్న భూతద్దం తగిలించి, దగ్గరగా ఫొటో తీసి పంపవచ్చు. 2020లో మడగాస్కర్ రాజధాని అంతనానరివో నుంచి ఆ యాప్ ద్వారా ఒక దోమ పిల్ల ఫొటో వచ్చింది. తరువాత కంప్యూటర్ సాయంతోనూ, నిపుణుల కంటితోనూ పరిశీలించి, అది అనాఫిలిస్ స్టీఫెన్సీ అని పరిశోధకులు గుర్తించారు. ఆ దీవిలో ఈ దోమ ఉన్నదనడానికి దొరికిన తొలి ఆనవాలు అది. ఆ ఫలితాన్ని కొన్నేళ్ళ తరువాత ప్రచురించారు.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఫొటో తీసిన నాటికీ, దాని అర్థం లోకానికి తెలిసిన నాటికీ మధ్య ఏళ్ళు గడిచాయి. ఫొటో పంపడం సగం పని. దాన్ని చూసి, కదిలేవారు ఉంటేనే మిగతా సగం పూర్తవుతుంది.

యాప్ చేయలేనివి

ఒకటి, యాప్ దోమను చంపదు. ఫొటో పంపి, రోలులో నీళ్ళు అలాగే వదిలేస్తే ఆ వారమే దోమలు ఎగిరిపోతాయి. పారబోయగల నీళ్ళను ముందు పారబోయాలి, తరువాతే ఫోను సంగతి. మన చేతికి అందని చోటు – తాళం వేసిన ఇల్లు, ఖాళీ స్థలం, ఆగిపోయిన కట్టడం – వీటి సంగతి మాత్రం ఫొటోతో తెలియజేయాలి.

రెండు, యాప్ వైద్యుడు కాదు. దోమ రకం తెలిసినంత మాత్రాన కుట్టినవారికి జబ్బు వచ్చిందో లేదో తెలియదు.

మూడు, మనుషుల ఉత్సాహం చల్లారుతుంది. స్పెయిన్‌లో కూడా యాప్ ఫోనులో పెట్టుకున్న కొత్తలో ఎక్కువగా పంపి, రోజులు గడిచేకొద్దీ తగ్గించారు. జవాబు రాకపోతే ఇంకా త్వరగా మానేస్తారు. అందువల్ల సమాచారం అందుకునేవారు ‘అందింది, ఫలానా రోజున వచ్చి చూస్తాము’ అని ఒక్క మాట చెప్పడం చాలా ముఖ్యం.

నాలుగు, స్మార్ట్‌ఫోను లేని ఇల్లు లెక్కలోకి రాదు. చాలాసార్లు నీళ్ళు నిలువచేసుకోక తప్పని ఇల్లు కూడా అదే. కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే పేటలో డ్రమ్ములు పెట్టుకున్నారని వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. వారికి కావలసింది మూత, లేదా డ్రమ్ము మూతికి కట్టే పాత చీర ముక్క.

వారం రోజుల లెక్క ఎందుకు?

ఏడిస్ గుడ్డు నీళ్ళు తగిలిన తరువాత రెక్కల దోమగా మారడానికి, మన వాతావరణంలో సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. కనుక వారానికొకసారి నీళ్ళు పారబోస్తే అది ఎగరకముందే పోతుంది. ‘ఫ్రైడే డ్రై డే’ అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. 2020 మే నెలలో హైదరాబాదులో ‘ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు’ అనే కార్యక్రమం చేపట్టడం వెనుక కారణమూ ఇదే. రోజు ఏదైనా ఫరవాలేదు, వారం తప్పకూడదు.

పారబోస్తే సరిపోదు, లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి. ఎందుకనగా ఈ దోమ గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అతుక్కుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు పోసిన రోజున పొదుగుతాయి. వేసవిలో ఎండిన కూలరు, తొలకరికి దోమల గూడు కావడానికి కారణం ఇదే.

మరొక లెక్క కూడా గుర్తుంచుకోండి. డెంగ్యూ రోగిని కుట్టిన దోమ వెంటనే జబ్బును అంటించలేదు. వైరస్ దాని ఒంట్లో పెరగడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. అంటే వీధిలో మొదటి జ్వరం తెలిసిన రోజునుంచి మన చేతిలో కొద్ది రోజుల గడువు ఉన్నది. ఆ గడువులో చుట్టుపక్కల ఇళ్ళవారు కదిలితే రెండవ ఇంటిని, మూడవ ఇంటిని కాపాడవచ్చు. జ్వరం ఉన్న సంగతిని దాచుకుంటే ఆ గడువు వృథాగా పోతుంది. డెంగ్యూ రావడం ఏ కుటుంబానికీ సిగ్గుచేటు కాదు. రోగిని జ్వరమున్న రోజుల్లో పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి. ఈ దోమ ముఖ్యంగా పగటిపూటే కుడుతుంది.

మన వీధిలో మనమే చేయగలిగినది

యాప్ ఉన్నా లేకున్నా ఈ పద్ధతి పనిచేస్తుంది.

1. పది, పదిహేను ఇళ్ళు ఒక జట్టుగా ఏర్పడండి. ఫోను బాగా వాడగల ఒక యువకుడు లేదా యువతి, అందరి ఇళ్ళకూ చనువుగా వెళ్ళగల ఒక పెద్దామె – ఇద్దరూ కలిసి ఉంటే మంచిది. ఫోను ఒకరి బలం, గుమ్మం దాటే చనువు మరొకరి బలం.

2. వారంలో ఒక రోజు నిర్ణయించుకుని అన్ని ఇళ్ళలో నీటి పాత్రలు చూడండి. నీళ్ళలో మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ పోయే సన్నని పురుగులే దోమ పిల్లలు. తల కిందికి వేలాడదీసుకుని ఉంటే అవి ఏడిస్ లేదా క్యూలెక్స్. నీటిపైన అడ్డంగా పడుకున్నట్లుంటే అనాఫిలిస్.

3. నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి: చూసిన ఇళ్ళు ఎన్ని, పురుగులున్న ఇళ్ళు ఎన్ని, ఏ పాత్రలో. ఉదాహరణకు 40 ఇళ్ళు చూస్తే 6 ఇళ్ళలో ఉన్నాయనుకోండి, నూటికి 15. వచ్చే వారం అది 10కి దిగితే మీ శ్రమ ఫలిస్తున్నది. 20కి పెరిగితే చూడని చోటు ఏదో ఉన్నది. ఆరోగ్య శాఖ నిపుణులు వాడే లెక్క కూడా ఇదే.

4. మీ చేతికి అందని చోట్లను ఫొటో తీసి, తేదీ, దగ్గరి గుర్తు రాసి, ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు, పంచాయతీ లేదా మునిసిపాలిటీ సిబ్బందికి పంపండి. పంపిన తేదీని పుస్తకంలో రాసుకోండి. వారం లోపల జవాబు రాకపోతే మర్యాదగా మళ్ళీ గుర్తుచేయండి.

5. ఇంటి ఫొటో తీసేముందు ఇంటివారిని అడగండి. జ్వరం వచ్చినవారి పేరును, రిపోర్టును వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ‘ఫలానా వీధిలో జ్వరం ఉన్నది, జాగ్రత్త పడండి’ అంటే చాలు. ఒకసారి నమ్మకం పోతే మరుసటి వారం తలుపు తీయరు.

6. అందరివీ అయిన చోట్లను మరచిపోకండి. బడి మిద్దె, ప్రార్థన మందిరం వెనుక పడేసిన సామాను, ఆసుపత్రి ఆవరణలో పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు, సమాధుల దగ్గర పూలు పెట్టే సీసాలు – ఇవి ఎవరివీ కావనుకుంటాము గనుక దోమలవి అవుతాయి. సీసాలో నీళ్ళకు బదులు తడి ఇసుక నింపి పూలు గుచ్చితే దోమకు చోటుండదు.

7. ఫొటో కోసం దోమను కుట్టనివ్వకండి. గోడమీద వాలినదాన్ని గాజు గ్లాసుతో మూసి తీయవచ్చు, చచ్చినదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి తీయవచ్చు. కాళ్ళమీద తెల్ల పట్టీలు స్పష్టంగా కనబడితే ఏడిస్ అని అనుమానించండి.

జ్వరం వస్తే

జ్వరం రెండు రోజులు దాటితే పరీక్షకు రండి. పారాసిటమాల్ వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు మింగకండి. వాటివల్ల రక్తస్రావం ఎక్కువ కావచ్చు. గంజి, కొబ్బరినీళ్ళు, ఓ.ఆర్.ఎస్. వంటివి తరచుగా తాగించండి.

జ్వరం తగ్గిందని సంతోషించి ఇంట్లో ఉండిపోవడం చాలా ప్రమాదం. డెంగ్యూలో జ్వరం దిగే రోజుల్లో, అంటే సాధారణంగా మూడవ రోజునుంచి ఏడవ రోజు లోపల, తరువాతి 24 నుంచి 48 గంటలే గడ్డుకాలం. ఈ కింది గుర్తుల్లో ఒక్కటి కనబడినా రాత్రయినా, పగలయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి:

– తీవ్రమైన కడుపునొప్పి
– ఆగని వాంతులు
– చిగుళ్ళనుంచి, ముక్కునుంచి రక్తం, నల్లని విరేచనం
– మూత్రం బాగా తగ్గిపోవడం
– చేతులు, కాళ్ళు చల్లబడటం
– మత్తుగా పడి ఉండటం, లేదా కుదురులేకుండా గింజుకోవడం
– ఊపిరి ఆడకపోవడం

ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూసి ధైర్యపడటమో, భయపడటమో వద్దు. రోగి ఎలా ఉన్నాడన్నదే ముందు చూడవలసినది.

ఈ వారమే మొదలుపెట్టండి

పై కథల్లోని ఫొటోలను పంపినది ఆ ఊళ్ళలోని మామూలు మనుషులే. తాము చూసినదాన్ని ‘మనకెందుకులే’ అని వదలలేదు. మన ఇళ్ళలో ఫోన్లకు కొదువ లేదు. పెరట్లో ఏ మూల ఏ పాత్ర ఉన్నదో ఎరిగిన అమ్మమ్మలకు, నాయనమ్మలకు కొదువ లేదు. ఈ శుక్రవారం ఒక పది నిమిషాలు ఇద్దరినీ కలపండి. మనుమడు టార్చిలైటు వేస్తే నాయనమ్మ గాబులోకి తొంగిచూడాలి. పురుగు కనబడితే నీళ్ళు పారబోసి, పీచుతో తోమి, బోర్లించి, పుస్తకంలో రాసుకోండి. తరువాత పక్కింటి తలుపు తట్టండి.